ఇసుకలో పూడ్చిన యాంకర్ ప్లేటును కంప్యూటర్‌లో పైకి లాగడం: మోడల్ కట్టే పని, మొదటి నుంచి చివరి దాకా

ముందు ఇంట్లో చేసే చిన్న ప్రయోగం. బక్కెట్టు అడుగున నాలుగు వేళ్ల మందాన ఎండిన ఇసుక పోయండి. ఒక చిన్న డబ్బా మూతకు మధ్యలో దారం కట్టి ఆ ఇసుక మీద పెట్టండి. దారం కొసను పైకి పట్టుకుని, మూత మీద జానెడు ఎత్తున మళ్లీ ఇసుక పోసి, బక్కెట్టు పక్కల్ని అరచేత్తో పదిసార్లు తట్టండి. ఇసుక సర్దుకుంటుంది. ఇప్పుడు దారాన్ని మెల్లగా లాగండి. మొదట ఏమీ కదలదు. తర్వాత ఇసుక పైభాగం మూతకంటే పెద్ద వలయంగా, నూనెలో పడ్డ అప్పడంలా ఒక్క పిసరు ఉబ్బుతుంది. ఆ క్షణంలోనే చేతికి బరువు ఎక్కువ. ఇంకాస్త లాగితే బరువు తగ్గుతుంది, మూత పక్కల నుంచి ఇసుక దాని కిందికి జారిపోతుంది.

ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో, అంటే నేలను చిన్న చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లుగా) విడగొట్టి లెక్కకట్టే ప్రోగ్రాంలో, మనం చేయబోయేదంతా ఇదే. గాలి ఒక పక్క నుంచి కొట్టినప్పుడు విద్యుత్ టవరు కాళ్లలో కొన్ని నేలలోకి దిగబడతాయి, ఎదుటివి పైకి లేవబోతాయి. లేవబోయే కాలిని పట్టి ఉంచేది దాని అడుగున ఉన్న వెడల్పాటి పలక, ఆ పలక మీది మట్టి. సముద్రంలో తేలే గాలిమరలను కట్టి ఉంచే లంగరు పలకలదీ, బాపట్ల, చీరాల తీరంలాంటి ఇసుక నేలల్లో స్తంభాలకు వేసే స్టే తీగల అడుగు పలకలదీ ఇదే కథ.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా చివరికి ఒక శిఖర బలాన్ని చూపిస్తుంది. ఆ అంకెను నమ్మాలా వద్దా అన్నది మాత్రం, లాగుతున్నప్పుడు ఇసుక ఎంత ఉబ్బుతుందని మీరు దానికి చెప్పారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మెష్ (ఆ ముక్కల వల) అందం తర్వాతి సంగతి. అందుకే ఈ వ్యాసంలో ఇసుక అంకెలకూ చేతిలెక్కకూ ఎక్కువ చోటు ఇచ్చాను. మౌస్ నొక్కే పని మీ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ చెబుతుంది.

మన ఉదాహరణ

పొడవాటి పట్టీ పలక. వెడల్పు 0.5 మీటర్లు, పూడ్చిన లోతు 2 మీటర్లు, అంటే లోతు-వెడల్పు నిష్పత్తి 4. పొడి ఇసుక, ఘనపు మీటరుకు 16 కిలోన్యూటన్లు, సాపేక్ష సాంద్రత (పూర్తిగా వదులుకు 0, పూర్తిగా దట్టానికి 100) 60 శాతం. పట్టీ పొడవుగా ఉంటుంది కాబట్టి ప్లేన్ స్ట్రెయిన్ మోడల్, అంటే పొడవు దిశలో ఏదీ కదలదనుకుని ఒక్క అడ్డుకోతను మాత్రమే లెక్కకట్టేది, చాలు. ప్లాక్సిస్, అబాకస్, ఫ్లాక్, ఆప్టమ్ జీ2, వీటిలో ఏది మీ దగ్గర ఉన్నా ఫరవాలేదు. గుండ్రటి పలక సంగతి చివర్లో చూద్దాం.

ఈ కొలతల్లో ఒక సౌకర్యం ఉంది. పలక నెత్తిన నిట్టనిలువుగా ఉన్న ఇసుక బరువు మీటరు పొడవుకు 16 × 2 × 0.5 = 16 కిలోన్యూటన్లు. రాబోయే అంకెలన్నిటినీ ఈ 16తో భాగిస్తే పుల్‌ఔట్ గుణకం వస్తుంది.

మొదటి దశ: ఇసుక అంకెలు

ఇసుక రాపిడి బలాన్ని చెప్పే ఘర్షణ కోణానికి ఏ పట్టికలో నుంచో 35 డిగ్రీలు, జారేటప్పుడు ఇసుక ఎంత ఉబ్బుతుందో చెప్పే డైలేషన్ కోణానికి "30 తీసేస్తే వచ్చేది", అంటే 5. చాలా మోడళ్లు ఇలాగే మొదలవుతాయి. ఆ 30 తీసేసే సూత్రం తొలి అంచనాకు పనికొస్తుంది. కానీ లాగుడు సమస్యలో ఈ రెండు కోణాలే జవాబు కాబట్టి ఇంకాస్త శ్రద్ధ అవసరం.

కేంబ్రిడ్జ్‌లో మాల్కం బోల్టన్ 1986లో ఇచ్చిన సంబంధం ఇక్కడ బాగా పనికొస్తుంది. ఇసుక ఎంత దట్టంగా ఉందో, ఎంత ఒత్తిడిలో ఉందో తెలిస్తే అది ఎంత ఉబ్బుతుందో దాన్నుంచి లెక్కకట్టవచ్చు. మన పలక మీద ఒత్తిళ్లు చాలా తక్కువ, 2 మీటర్ల లోతులో కూడా 32 కిలోపాస్కళ్లే. ఇంత తక్కువ ఒత్తిడిలో అసలు సూత్రం ఉబ్బును ఎక్కువగా చూపిస్తుంది. అందుకే 150 కిలోపాస్కళ్లకు దిగువన ఒత్తిడి ప్రభావాన్ని వదిలేయమని బోల్టనే తర్వాత సూచించారు. అప్పుడు లెక్క ఇలా తేలికవుతుంది:

డైలటెన్సీ సూచిక = 5 × సాపేక్ష సాంద్రత − 1 = 5 × 0.6 − 1 = 2

ప్లేన్ స్ట్రెయిన్‌లో శిఖర ఘర్షణ కోణం = క్రిటికల్ కోణం + 5 × సూచిక = 32 + 10 = 42 డిగ్రీలు

డైలేషన్ కోణం = (42 − 32) ÷ 0.8 = 12.5 డిగ్రీలు

క్రిటికల్ కోణం, అంటే ఉబ్బడం ఆగిపోయాక మిగిలే ఘర్షణ కోణం, 32 ఎక్కడిది? ప్రయోగశాల పరీక్ష ఉంటే అందులో నుంచి తీసుకోండి. లేకపోతే ఎండిన ఇసుకను గరాటులో నుంచి మెల్లగా కుప్పగా పోసి, ఆ కుప్ప వాలును కొలవండి. క్రిటికల్ కోణానికి అది దగ్గరగా ఉంటుంది. నదుల క్వార్ట్జ్ ఇసుకలకు ఇది సాధారణంగా 30కీ 34కీ మధ్య తేలుతుంది.

సాంద్రత విషయంలో ఒక పొరపాటు పదేపదే చూస్తుంటాను. బోరు వేసి తెలుసుకున్న సాంద్రత కదలని నేలది. పలకను పెట్టడానికి మనం గుంత తవ్వుతాం, పలక దించుతాం, తవ్విన ఇసుకనే మళ్లీ పోస్తాం. లాగుడును ఆపేది ఆ తిరిగి పోసిన ఇసుక. దాన్ని పొరలుగా తడిపి కుదించారా, పారతో తోసి వెళ్లిపోయారా అన్నదాన్ని బట్టి మోడల్ అంకెలు మారాలి. కుదించకుండా పోస్తే సాంద్రత 30 శాతం, బరువు 15 కిలోన్యూటన్లు అనుకుందాం. అప్పుడు సూచిక 0.5, ఘర్షణ కోణం 34.5, డైలేషన్ కోణం 3.1 డిగ్రీలు. దీని ఫలితం రెండో దశలో కనబడుతుంది.

మిగిలిన అంకెల మీద ఎక్కువ సేపు నిలవనక్కర్లేదు. మోర్-కూలుంబ్ (ఘర్షణ కోణంతో, సంసంజనంతో నడిచే సాదా నేల మోడల్) వాడితే యంగ్స్ మాడ్యులస్ 30 మెగాపాస్కళ్లు, పాయిసన్ నిష్పత్తి 0.3. శిఖర బలం మీద వీటి ప్రభావం చాలా కొద్ది, పలక ఎంత కదిలాక శిఖరం వస్తుందో మాత్రం మారుతుంది. కదలిక కూడా మీకు ముఖ్యమైతే హార్డెనింగ్ సాయిల్ లాంటి మోడల్‌కు వెళ్లండి. నిలువు ఒత్తిడిలో ఎంత వంతు పక్కకు పడుతుందో చెప్పే పక్క ఒత్తిడి గుణకానికి యాకీ సూత్రం: 1 − సైన్ 32 = 0.47.

సంసంజనం, అంటే కోహెజన్, గింజలు ఒకదానికొకటి అతుక్కునే బలం. ఇసుకకు సున్నా. సున్నా పెడితే లెక్క మొరాయిస్తుందని చాలామంది 1 కిలోపాస్కల్ పెడతారు, కొందరు 5 కూడా. దాని ఖరీదు ఎంతో చూడండి. జారుడు తలాలు రెండు, లోతు 2 మీటర్లు. సంసంజనం వల్ల అదనంగా వచ్చే బలం 2 × 1 × 2 = 4 కిలోన్యూటన్లు. 5 కిలోపాస్కళ్లు పెడితే 20. పలక నెత్తిన ఉన్న ఇసుక మొత్తం బరువే 16! లెక్క నడవడానికి ఏదో ఒకటి తప్పదనుకుంటే 0.1 దగ్గర ఆపండి.

రెండో దశ: చేతిలెక్క

కంప్యూటర్ తెరవకముందే జవాబు ఏ రెండు అంకెల మధ్య ఉండాలో కాగితం మీద రాసుకోవాలి. ఈ దశ దాటేసినవారికి తర్వాత వచ్చిన ఏ అంకైనా నిజంలాగే కనిపిస్తుంది.

పై హద్దు. అసోసియేటెడ్ ఫ్లో అనుకుంటే, అంటే డైలేషన్ కోణం ఘర్షణ కోణంతో సమానమైతే, పలక అంచుల నుంచి 42 డిగ్రీలు బయటికి వాలిన తునక మొత్తంగా పైకి లేస్తుంది. ఈ పరిస్థితిలో జారుడు తలాల మీద శక్తి ఖర్చు సున్నా, కాబట్టి లాగే బలం ఆ తునక బరువే. గుణకం = 1 + 4 × టాన్ 42 = 4.60. బలం 73.6 కిలోన్యూటన్లు. అదే ఘర్షణ కోణంతో డైలేషన్ తక్కువగా ఉన్న ఏ ఇసుకా దీన్ని దాటలేదు. కూలే బలానికి హద్దులు కట్టే లిమిట్ అనాలిసిస్ సిద్ధాంతం ఇచ్చే హామీ ఇది.

కింది హద్దు. తునక ఏమాత్రం విచ్చుకోకుండా నిట్టనిలువుగా లేస్తే పక్కల రాపిడి మాత్రమే తోడవుతుంది. గుణకం = 1 + 4 × 0.47 × టాన్ 42 = 2.69. బలం 43.1 కిలోన్యూటన్లు.

మధ్యస్థం. డేవిడ్ వైట్, చ్యూక్, బోల్టన్ 2008లో ఇచ్చిన పద్ధతి. వాళ్ల లెక్కలో జారుడు తలం ఘర్షణ కోణంతో కాకుండా డైలేషన్ కోణంతో వాలుతుంది. ఇసుక లోపల కెమెరా బొమ్మలతో కొలిచిన కదలికలు చూపింది కూడా ఇదే. ఫై ఘర్షణ కోణం, సై డైలేషన్ కోణం అనుకుంటే:

ఎఫ్ = టాన్ సై + (టాన్ ఫై − టాన్ సై) × [ (1 + కె) ÷ 2 − (1 − కె) × కాస్ (2 సై) ÷ 2 ]

గుణకం = 1 + ఎఫ్ × లోతు ÷ వెడల్పు

ఇందులో కె అంటే పక్క ఒత్తిడి గుణకం, 0.47. మన అంకెలు వేస్తే కొస బ్రాకెట్ విలువ 0.495, ఎఫ్ 0.557, గుణకం 3.23. బలం 51.7 కిలోన్యూటన్లు.

పారతో తోసేసిన వదులు ఇసుకకు ఇదే సూత్రం వేసి చూడండి. ఎఫ్ 0.353కు పడిపోతుంది, గుణకం 2.41, నెత్తిన బరువు ఇక్కడ 16 కాదు 15 కాబట్టి బలం 36.2. కుదింపు యంత్రం ఒక పూట రాకపోతే పోయేది 30 శాతం. రాసిపెట్టుకోండి, సైటు ఇంజినీరుతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఈ సూత్రంలో పక్క ఒత్తిడి గుణకం ఎంత బలమైనదో గమనించండి. 0.47 బదులు 1 పెడితే డైలేషన్ కోణం ఏదైనా జవాబు 73.6కే ఎగబాకుతుంది. గట్టిగా కుదించిన ఇసుకలో పక్క ఒత్తిడి నిజంగానే ఎక్కువ ఉండవచ్చు. కానీ పలక పని చేయాల్సిన యాభై ఏళ్లూ అది అలాగే నిలుస్తుందని ఎవరు పూచీ పడతారు? నేను 0.47 దాటను.

మూడో దశ: జ్యామితి, హద్దులు

సగం మోడల్ చాలు, మధ్య గీత ఎడమ హద్దు. పై హద్దు లెక్కలోని తునక నేల మీద ఎంత దూరం పాకుతుందో చూడండి: 0.25 + 2 × టాన్ 42, సుమారు 2.05 మీటర్లు. కుడి హద్దును దానికి రెట్టింపు దాటించి 5 మీటర్ల దగ్గర పెట్టండి. పలక కింద 2 మీటర్లు. పక్క హద్దులు అడ్డంగా కదలవు, నిలువుగా కదలవచ్చు. అడుగు ఎటూ కదలదు. ఇంతే.

సగం మోడల్‌లో వచ్చే బలం కూడా సగమే. కాబట్టి వెతకాల్సిన హద్దులు 21.6కీ 36.8కీ మధ్య. ఈ రెండు అంకెల్నీ ఫైలు పేరు పక్కనే రాసుకోండి.

నాలుగో దశ: మెష్

ఇసుక ఉబ్బాలి, తలాలు జారాలి. తక్కువ స్థాయి ఎలిమెంట్లు ఈ రెండిటినీ ఒకేసారి చేయలేక బిగుసుకుపోతాయి, దాన్నే లాకింగ్ అంటారు. ఫలితం ఎప్పుడూ ఎక్కువ వైపే తప్పుతుంది. స్లోన్, రాండాల్ఫ్ 1982లోనే ఈ సంగతిని చూపించి 15 నోడ్‌ల త్రిభుజాన్ని ముందుకు తెచ్చారు. ప్లాక్సిస్ 2డిలో ఆ ఎంపిక ఉంది, వాడండి. అబాకస్‌లో అయితే తగ్గించిన ఇంటిగ్రేషన్ ఉన్న రెండో స్థాయి ఎలిమెంట్లు.

పలక అంచు దగ్గర ఎలిమెంట్ సైజు 25 మిల్లీమీటర్లు, తునక లేచే ప్రాంతంలో 50 నుంచి 80, మిగతా చోట్ల ముతకగా ఉన్నా ఏమీ కాదు. నిజమైన ఇసుకలో జారుడు పట్టీ మందం గింజ సగటు వ్యాసానికి సుమారు 10 నుంచి 20 రెట్లు. గింజ 0.3 మిల్లీమీటర్లైతే పట్టీ 3 నుంచి 6 మిల్లీమీటర్లు. మన మెష్ దాన్ని ఎప్పటికీ పట్టలేదు. అందువల్ల శిఖరం తర్వాత బలం తగ్గే మోడల్, అంటే సాఫ్టెనింగ్, పెడితే మెష్ సన్నబడేకొద్దీ జవాబు మారుతూ పోతుంది. అంత లోతుకు దిగాలంటే పట్టీ మందాన్ని లెక్కలోకి తెచ్చే ప్రత్యేక పద్ధతులు కావాలి. మన పని శిఖర బలం వరకే అయితే మారని కోణాలతో ఉండండి.

ఐదో దశ: పలక, దాని కింద ఖాళీ

పలకను నిజమైన ఉక్కు మందంతో గీయవచ్చు. కానీ పలక వంగదని అనుకుంటే ఒక గీత గీసి దానికి కదలిక ఇస్తే చాలు. పైముఖం గరుకుగా ఉందా నున్నగా ఉందా అన్నది అడ్డంగా పడుకున్న పలకకు దాదాపు తేడా తేదు. రో, డేవిస్ 1982లో వేసిన లెక్కల్లో తేలిన విషయమే ఇది. ఇంటర్‌ఫేస్ (పలకకూ ఇసుకకూ మధ్య రాపిడిని చూపే పొర) గుణకం 0.67 పెట్టారా, 1 పెట్టారా అని తల బద్దలు కొట్టుకోవద్దు.

అసలు జాగ్రత్త కిందిముఖం దగ్గర. పలక లేస్తే దాని కింద ఖాళీ పుట్టాలి. పొడి ఇసుక పలకకు అతుక్కుని దాన్ని కిందికి లాగకూడదు. గీతకు రెండు పక్కలా ఇంటర్‌ఫేస్ పెట్టి, అది తన్యతను (లాగుడు ఒత్తిడిని) మోయకుండా కట్ చేయండి. ఇంటర్‌ఫేస్‌ను పలక అంచు దాటి కొద్ది దూరం పొడిగించండి, ఆ పొడిగింపులో మాత్రం ఇసుక పూర్తి బలం ఇవ్వండి. లేకపోతే మూల దగ్గర ఒక్క నోడ్ (ఎలిమెంట్లు కలిసే బిందువు) మీద ఒత్తిడి పేరుకుని లెక్క అక్కడే ఆగిపోతుంది.

సరిగ్గా పెట్టారో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు. మొదట్లో పలక మీది నుంచి నొక్కే ఒత్తిడీ కింది నుంచి మోసే ఒత్తిడీ సమానం, రెండూ 32 కిలోపాస్కళ్లు. నికర బలం సున్నా. లాగడం మొదలుపెట్టగానే ముందు కింది ఒత్తిడి కరుగుతుంది. అందుకే వక్రరేఖ మొదట నిటారుగా లేస్తుంది. కొద్ది మిల్లీమీటర్లలో కిందిముఖం ఒత్తిడి సున్నాకు చేరి అక్కడే ఉండాలి. రుణాత్మకంగా కిందికి పోతూ ఉంటే ఇసుక జిగురులా అంటుకుందన్నమాట. శిఖరం దగ్గర కిందిముఖం ఒత్తిడి బొమ్మ చూడకుండా ఏ ఫలితాన్నీ బయటికి ఇవ్వకండి.

ఆరో దశ: మొదటి ఒత్తిళ్లు, ఆపై లాగడం

నేల సమతలం కాబట్టి కె0 పద్ధతితో, అంటే పైన చెప్పిన పక్క ఒత్తిడి గుణకంతో, ఒత్తిళ్లు పుట్టించండి. తర్వాతి దశలో పలకను, ఇంటర్‌ఫేస్‌లను సచేతనం చేసి, అప్పటిదాకా వచ్చిన కదలికల్ని సున్నా చేయండి.

లాగేది బలంతో కాదు, కదలికతో. బలం పెంచుతూ పోతే శిఖరం చేరగానే లెక్క కూలుతుంది. కూలింది నేల వల్లా, గణితం వల్లా అన్నది తెలియదు. పలక గీతకు 50 మిల్లీమీటర్ల పైకి కదలిక ఇవ్వండి, వెడల్పులో పదో వంతు. మన దట్టపు ఇసుకలో శిఖరం దీనికి చాలా ముందే వస్తుంది.

ఘర్షణ కోణానికీ డైలేషన్ కోణానికీ తేడా ఎక్కువైతే వక్రరేఖ రంపపు పళ్లలా ఊగుతుంది. మన 42, 12.5 జంటకు కూడా కొంత ఊగుడు తప్పదు. రెండు కోణాలూ సమానం కాని నాన్-అసోసియేటెడ్ ఫ్లో స్వభావమే అది. అడుగుల సైజు తగ్గించండి, సహన పరిమితిని (లెక్కలో ఒప్పుకునే తప్పును) మాత్రం పెంచకండి. ఊగుతున్న రేఖలో ఎత్తైన పంటి కొసను కాకుండా మధ్య మట్టాన్ని తీసుకోండి.

ఏడో దశ: అంకెను చదవడం

సగం మోడల్ కాబట్టి రెండుతో గుణించండి. పలకకు సొంత బరువు ఇచ్చి ఉంటే తీసేయండి. వచ్చిన దాన్ని 16తో భాగించి 2.69, 3.23, 4.60 పక్కన పెట్టి చూడండి.

4.60 దాటిందా? వెతకాల్సిన చోట్లు కొన్నే. ఎలిమెంట్లు బిగుసుకున్నాయి, లేదా ఎక్కడో సంసంజనం మిగిలింది, లేదా పలక కింద తన్యత ఉంది, లేదా కుడి హద్దు దగ్గరగా ఉండి తునకను తోస్తోంది. నేను చూసిన కేసుల్లో ఎక్కువసార్లు దొంగ సంసంజనమే.

2.69కు కిందికి పడిపోయిందా? శిఖరం రాకముందే లెక్క ఆగిపోయి ఉండవచ్చు. మోడల్‌లో పక్క ఒత్తిడి గుణకం మీరు పెట్టినదేనా, సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేరే విలువ వేసుకుందా అన్నది కూడా చూడండి.

అంకె హద్దుల్లోనే ఉన్నా అప్పుడే సంబరపడకండి. చివరి అడుగులోని షియర్ స్ట్రెయిన్ (జారుడు వికృతి) పెరుగుదల బొమ్మ తెరవండి. పలక అంచు నుంచి నేల మీదికి ఒక జారుడు పట్టీ బయటికి వాలుతూ కనబడాలి. ఆ వాలును స్కేలుతో కొలవండి. మీరిచ్చిన డైలేషన్ కోణానికీ ఘర్షణ కోణానికీ మధ్య ఎక్కడో ఉండాలి. పట్టీ నేల దాకా రాకుండా పలక చుట్టూనే మెలి తిరిగితే మీ పలక లోతైనదిగా ప్రవర్తిస్తోంది, పై చేతిలెక్కలు దానికి వర్తించవు. నిష్పత్తి 4 ఉన్న దట్టపు ఇసుకలో అలా కాకూడదు.

ఎనిమిదో దశ: మోడల్‌ను అనుమానించడం

రెండు కోణాలూ 42 పెట్టి ఒకసారి నడపండి. జవాబు 73.6 చుట్టుపక్కల రావాలి. మెష్ ముతకగా ఉంటే కొంచెం పైన, సన్నగా ఉంటే దానికి దగ్గరగా. ఇది మీ యంత్రానికి పరీక్ష, ఇసుకకు కాదు. ఇందులోనే తప్పితే మిగతావి నడపడం వృథా. ఆ తర్వాత ఎలిమెంట్ సైజు సగం చేసి అసలు కేసును మళ్లీ నడపండి, తేడా రెండు మూడు శాతం మించితే ఇంకోసారి సగం చేయండి.

మీ దగ్గర లిమిట్ అనాలిసిస్ సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉంటే అది అసోసియేటెడ్ ఫ్లోను తప్ప ఒప్పుకోదు. డేవిస్ 1968లో సూచించిన తగ్గించిన కోణం అప్పుడు దారి చూపుతుంది: టాన్ ఫై కొత్తది = సైన్ ఫై × కాస్ సై ÷ (1 − సైన్ ఫై × సైన్ సై). మన అంకెలకు అది 37.4 డిగ్రీలు, గుణకం 4.06, బలం 64.9. వైట్ లెక్క 51.7తో ఇది ఏకీభవించదు. నన్నడిగితే డిజైన్‌కు 51.7 వైపే మొగ్గుతాను. ఆ పద్ధతిని పాత ప్రయోగాల ఫలితాలతో పోల్చి చూసే ప్రచురించారు. పైగా మారని శిఖర కోణంతో నడిపిన ఏ మోడల్‌లో అయినా ఒక ఆశావాదం దాగి ఉంటుంది. తునక తలం అంతటా ఇసుక ఒకే క్షణంలో శిఖరాన్ని చేరుతుందని అది అనుకుంటుంది. నిజంలో పలక అంచు దగ్గరి ఇసుక ముందే శిఖరం దాటి మెత్తబడుతుంది, నేల దగ్గరి ఇసుక అప్పటికి ఇంకా మేలుకోదు. పలక పెద్దదయ్యేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. సకాయ్, తనాకా 1998లో గుండ్రటి పలకల మీద చూపించిన స్కేల్ ప్రభావం ఇదే. బల్ల మీద చిన్న పెట్టెలో చేసిన ప్రయోగపు గుణకాన్ని నేరుగా సైటుకు మోసుకుపోవద్దని చెప్పడానికి కారణం కూడా ఇదే. డికిన్ 1988లో సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి చిన్న నమూనా బరువును పెంచే యంత్రంలో) పలకలు లాగి చూసింది ఒత్తిళ్లు నిజమైన స్థాయిలో ఉండాలనే.

గుండ్రటి పలక అయితే

0.5 మీటర్ల వ్యాసం, అదే లోతు. యాక్సిసిమెట్రిక్ మోడల్, అంటే మధ్య గీత చుట్టూ అన్ని దిక్కులా ఒకేలా ఉండేది. ఇక్కడ ప్లేన్ స్ట్రెయిన్ కోణాన్ని వాడకూడదు. బోల్టన్ లెక్కలో 5 బదులు 3 వేస్తే ఘర్షణ కోణం 32 + 6 = 38. పై హద్దు తిరగేసిన శంకువు ముక్క బరువు. గుణకం = 1 + 2 × 4 × టాన్ 38 + (4 ÷ 3) × (4 × 4) × (టాన్ 38) వర్గం = 20.3. పలక నెత్తిన ఇసుక బరువు 6.28 కిలోన్యూటన్లు, కాబట్టి పై హద్దు 127 కిలోన్యూటన్లు. నిజమైన జవాబు దీనికి బాగా కిందే ఉంటుంది. శంకువులో డైలేషన్ కోణం ప్రభావం వర్గంలో పడుతుంది కాబట్టి ఇక్కడ తప్పు కోణం ఖరీదు పట్టీ పలకలో కంటే ఎక్కువ.

ఇక ఒక స్వానుభవం. ఈ పని నేర్చుకునే రోజుల్లో గుండ్రటి పలకకు నా మోడల్ ఇచ్చిన బలం నెత్తిన ఉన్న ఇసుక బరువుకు రెట్టింపు కూడా రాలేదు. మూడు రోజులు ఇసుకనూ, మెష్‌నూ, చివరికి కంప్యూటర్‌నూ అనుమానించాను. మాన్యువల్‌లో ఒక్క వాక్యం ఉంది: యాక్సిసిమెట్రిక్ మోడల్‌లో బలాలు ఒక్క రేడియన్ ముక్కకు మాత్రమే చూపబడతాయి. 2 × పై, అంటే 6.28తో గుణించగానే అంతా కుదిరింది. ప్లాక్సిస్ ఇచ్చేది రేడియన్‌కు, అబాకస్ ఇచ్చేది చుట్టంతటికీ. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేవాళ్లు అటో ఇటో ఒకసారి బోర్లా పడతారు. మన ఉదాహరణలో 6.28 కిలోన్యూటన్ల బరువు రేడియన్‌కు సరిగ్గా 1 కిలోన్యూటన్ అవుతుంది. కాబట్టి ప్లాక్సిస్ తెర మీద కనిపించే అంకే పుల్‌ఔట్ గుణకం. అనుకోకుండా కుదిరిన కొలతలే, తొలిసారి మోడల్ సరిచూసుకోవడానికి భలే పనికొస్తాయి.

చతురస్రపు పలకకు 3డి తప్పదు. నాలుగో వంతు మోడల్ చాలు. మిగతా దశలన్నీ ఇవే, సమయం మాత్రం చాలా ఎక్కువ.

నీళ్లు వస్తే

ఇప్పటిదాకా ఇసుక పొడిగా ఉంది. తీరంలో వేసవిలో బోరు వేస్తే నీటి మట్టం పలక కింద కనబడుతుంది, అక్టోబరు వానల్లో అదే నీరు నేల మట్టానికి వస్తుంది. గాలివాన వచ్చేదీ ఆ రోజుల్లోనే. నీళ్లలో మునిగిన ఇసుక బరువు ఘనపు మీటరుకు 9.5 కిలోన్యూటన్లు అనుకుంటే గుణకం 3.23 మారదు, దాన్ని గుణించే బరువు మారుతుంది: 3.23 × 9.5 × 2 × 0.5 = 30.7 కిలోన్యూటన్లు. పొడి ఇసుకలో 51.7 మోసిన పలకే ఇది. మోడల్‌లో నీటి మట్టాన్ని నేల మీదికి ఎత్తి, డ్రెయిన్డ్ స్థితిలోనే (గింజల మధ్య నీరు అడ్డు లేకుండా కదలగలదనుకునే స్థితిలో) మళ్లీ లాగండి. హఠాత్తుగా లాగినప్పుడు పలక కింద పుట్టే చూషణ కొంత అదనపు బలం ఇస్తుంది గానీ, గంటల తరబడి ఊపే గాలికి దాన్ని లెక్కలో వేసుకోవద్దు. రిపోర్టులో మొదటి వరుసలో రాయాల్సింది ఈ రెండో అంకె. పొడి ఇసుక అంకెను దాని కింద, పోలిక కోసం పెట్టండి.